దాణాలోని నూనె మాంసం చేరేసరికి ఏమవుతుంది?

క్లుప్తంగా: ఆవు, గొర్రె వంటి నెమరువేసే పశువు తిన్న కొవ్వు తిన్నది తిన్నట్టుగా మాంసంలోకి చేరదు. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిలో ఎక్కువ భాగాన్ని గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. ఆ వడపోతను దాటి వచ్చిన కొద్ది భాగమూ, ఆ తర్వాత పశువు ఒంట్లోని ఎంజైములు చేసే సవరణా కలిసి కొవ్వు మెత్తదనాన్ని, రుచిని, మాంసం రంగును, నిల్వ కాలాన్ని నిర్ణయిస్తాయి. మాంసం మధ్య కనిపించే కొవ్వు చారలకు మాత్రం నూనె కన్నా పిండి పదార్థం, జాతి, మేపిన కాలం ముఖ్యం.

అవిసె గింజలు పెడితే మాంసంలో ఒమెగా-3 పెరుగుతుందని, దాణాలో నూనె కలిపితే కొవ్వు చారలు బాగా పడతాయని, గడ్డి మేసిన పశువు మాంసం గుండెకు మేలని దాణా అమ్మేవారి కరపత్రాల్లోనూ మాంసం పొట్లాల మీది చీటీల్లోనూ తరచూ కనిపిస్తుంది. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. అయితే మూడూ ఒక మెట్టును దాటేసి మాట్లాడతాయి. మేతకూ మాంసానికీ మధ్య ఉన్న పశువు పొట్టే ఆ మెట్టు.

పందితో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. పందికి మనిషిలాగే ఒకే పొట్ట. తిన్న నూనె పేగుల్లో జీర్ణమై పెద్దగా మారకుండానే ఒంటి కొవ్వులో చేరుతుంది. వేరుశనగ ఎక్కువగా తిన్న పంది కొవ్వు మెత్తగా, జారుడుగా ఉంటుంది. సింధూర (ఓక్) జాతి చెట్ల కాయలు తిని పెరిగిన ఐబీరియన్ పంది కొవ్వులో ఒలియిక్ ఆమ్లం అనే మెత్తటి రకం కొవ్వు ఆమ్లం దండిగా ఉంటుంది. అంటే పంది కొవ్వును పరీక్షిస్తే అది ఏం తిన్నదో చాలావరకు చెప్పవచ్చు. నెమరువేసే పశువు విషయంలో ఈ సూత్రం నేరుగా పనిచేయదు. పొద్దుతిరుగుడు నూనె పెట్టినా, సోయా నూనె పెట్టినా పశువు కొవ్వు ఎప్పటిలాగే గట్టిగా ఉండటం చూసి శాస్త్రజ్ఞులు చాలాకాలం ఆలోచనలో పడ్డారు.

మొదటి పొట్టలో జరిగేది

రూమెన్ అనే మొదటి పొట్ట పెద్ద పశువులో వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి వంటిది. అందులోని ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటుంది. గాలి తగలని ఆ వెచ్చని చోటికి నూనె రాగానే రెండు పనులు వరుసగా జరుగుతాయి.

మొదటిది విడదీయడం. గింజల్లోని నూనెలో ఒక్కో గ్లిజరాల్ అణువుకు మూడేసి కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. అనెరోవిబ్రియో లైపోలిటికస్ వంటి బ్యాక్టీరియా ఆ అతుకును తెంచి కొవ్వు ఆమ్లాలను విడిగా ద్రవంలోకి వదులుతుంది. గ్లిజరాల్ వెంటనే పులిసిపోతుంది.

రెండోది హైడ్రోజన్ అతికించడం. లినోలిక్, లినోలెనిక్ వంటి అసంతృప్త కొవ్వు ఆమ్లాల గొలుసులో కొన్నిచోట్ల కార్బన్ల మధ్య జంట బంధాలు ఉంటాయి. ప్రధానంగా బ్యుటిరివిబ్రియో తెగకు చెందిన బ్యాక్టీరియా ఆ జంట బంధాలను ఒక్కొక్కటిగా హైడ్రోజన్‌తో నింపుతూ పోతుంది. చివరకు మిగిలేది జంట బంధమే లేని స్టియరిక్ ఆమ్లం. దీన్ని జీవ హైడ్రోజనీకరణం అంటారు. ద్రవంగా ఉన్న నూనె నుంచి కర్మాగారంలో వనస్పతి తీసే ప్రక్రియకు ఇది దగ్గరి బంధువు. లోహపు ఉత్ప్రేరకం చేసే పనిని ఇక్కడ ప్రాణమున్న కణాలు చేస్తాయి.

సూక్ష్మజీవులు ఇంత శ్రమ పడటానికి కారణం వాటి ఆత్మరక్షణే. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వాటి కణత్వచాల్లోకి చొరబడి చెడగొడతాయి, కాబట్టి అవి ఈ బ్యాక్టీరియాకు విషంతో సమానం. జంట బంధాలను నింపేస్తే విషం విరుగుతుంది. మాంసం నాణ్యత గురించి జరిగే చర్చ అంతా నిజానికి ఈ సూక్ష్మజీవుల ప్రాణభయం చుట్టూనే తిరుగుతుందని చెప్పవచ్చు.

1951లో రీజర్ అనే శాస్త్రజ్ఞుడు అవిసె నూనెను గొర్రె రూమెన్ ద్రవంతో కలిపి ఉంచినప్పుడు అందులోని లినోలెనిక్ ఆమ్లం బాగా తగ్గిపోయింది. పశువు కొవ్వు ఎందుకు గట్టిగా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు కాలేయంలోనో కండరంలోనో కాక పొట్టలోనే ఉందని ఆ పరిశీలన చూపింది. ఆ తర్వాత జరిగిన కొలతల్లో మేతలోని లినోలిక్ ఆమ్లంలో సుమారు 70 నుంచి 95 శాతం, లినోలెనిక్ ఆమ్లంలో 85 నుంచి దాదాపు 100 శాతం రూమెన్‌లోనే రూపు మారిపోతున్నట్టు తేలింది. ఒమెగా-3 కుటుంబానికి చెందిన లినోలెనిక్ ఆమ్లమే ఎక్కువగా నష్టపోవడం ఇక్కడ గమనించాలి. మార్కెట్‌లో ఎక్కువగా ప్రచారం జరిగేది కూడా దాని గురించే.

వేలితో నొక్కితే తెలిసే తేడా

చల్లటి గదిలో వేలాడదీసిన పశుమాంసం అంచున తెల్లటి కొవ్వు పొర ఉంటుంది. దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక పశువు కొవ్వు కొవ్వొత్తిలా పెళుసుగా విరుగుతుంది. ఇంకో పశువు కొవ్వు వెన్నలా లోపలికి దిగి, వేలి గుర్తును అలాగే నిలుపుకుంటుంది. ఈ తేడాకు మూలం కొవ్వు ఆమ్లాల ద్రవీభవన స్థానాల్లో ఉంది. స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద, పామిటిక్ ఆమ్లం 63 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఒలియిక్ ఆమ్లానికి 13 డిగ్రీలు చాలు. లినోలిక్ ఆమ్లం సున్నాకు దిగువన 5 డిగ్రీల వద్ద కూడా ద్రవంగానే ఉంటుంది. వీటి పాళ్లు ఏ కొద్దిగా మారినా కొవ్వు స్వభావం మారుతుంది.

రూమెన్ పంపేది ప్రధానంగా స్టియరిక్ ఆమ్లమే అయితే, పశువు కొవ్వు మొత్తం కొవ్వొత్తిలా ఉండాలి కదా అన్న సందేహం వస్తుంది. అలా జరగకపోవడానికి డెల్టా-9 డీశాచురేజ్ అనే ఎంజైము కారణం. కొవ్వు కణాల్లో పనిచేసే ఈ ఎంజైము స్టియరిక్ ఆమ్లం గొలుసు మధ్యలో ఒక జంట బంధాన్ని తిరిగి పెట్టి ఒలియిక్ ఆమ్లంగా మారుస్తుంది. పొట్ట చేసిన పనిని కణజాలం కొంతవరకు వెనక్కి తిప్పుతుందన్నమాట. గొడ్డు మాంసపు కొవ్వులో సంతృప్త ఆమ్లాలు 40 నుంచి 50 శాతం ఉండగా, దాదాపు అంతే పాలు ఒలియిక్‌తో పాటు ఆ వర్గానికి చెందిన ఏక అసంతృప్త ఆమ్లాలు ఉండటం ఈ ఎంజైము వల్లే. రెండు మూడు జంట బంధాలున్న బహుళ అసంతృప్త ఆమ్లాల వాటా మాత్రం సాధారణంగా 5 శాతం దాటదు.

దాణాలో పత్తి గింజలు ఎక్కువైతే వచ్చే సమస్య ఈ ఎంజైము దగ్గరే మొదలవుతుంది. పత్తి గింజల్లో స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అనే ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లాలు కొద్ది మోతాదులో ఉంటాయి. రూమెన్‌లో నాశనం కాకుండా మిగిలిన భాగం కణజాలానికి చేరి డెల్టా-9 డీశాచురేజ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు స్టియరిక్ ఆమ్లం ఒలియిక్‌గా మారడం తగ్గుతుంది, కొవ్వు గట్టిపడుతుంది. నూనె గింజ పెట్టాం కాబట్టి కొవ్వు మెత్తబడుతుందని అనుకున్నవారికి సరిగ్గా వ్యతిరేక ఫలితం ఎదురవుతుంది. నూనె శాతం ఒక్కటే చూసి గింజను ఎంచుకోవడం ఎందుకు చాలదో ఈ ఉదాహరణ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

వయసు కూడా ఈ ఎంజైము మీద పనిచేస్తుంది. ధాన్యం మేపే కాలం పెరిగేకొద్దీ దాని చురుకుదనం పెరిగి, కొవ్వులో ఒలియిక్ వాటా ఎక్కువవుతుంది. జపాన్ వాగ్యు పశువుల కొవ్వు చేతి వేడికే మెత్తబడటానికి వాటి జన్యువులతో పాటు నెలల తరబడి సాగే ఆ మేపుడూ కారణమే. జపాన్‌లోని తొత్తొరి ప్రాంతంలో ఒలియిక్ వాటా 55 శాతం, అంతకు మించి ఉన్న మాంసాన్ని ప్రత్యేక ముద్రతో అమ్ముతారు. కొవ్వు ఎంత ఉందన్న లెక్క నుంచి ఎలాంటి కొవ్వు ఉందన్న లెక్క వైపు మార్కెట్ కదులుతోందనడానికి అది ఒక గుర్తు.

దారి చీలే చోటు

లినోలిక్ ఆమ్లం నేరుగా స్టియరిక్‌గా మారిపోదు, మధ్యలో కొన్ని మజిలీలు ఉంటాయి. రూమెన్ ఆరోగ్యంగా, పీచు మేతతో నిండి ఉన్నప్పుడు మొదటి మజిలీ రుమెనిక్ ఆమ్లం, రెండోది వ్యాక్సెనిక్ ఆమ్లం. రుమెనిక్ ఆమ్లం సీఎల్ఏ (కాంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లం) పేరుతో ప్రసిద్ధమైన కుటుంబానికి చెందినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పరీజా బృందం కాల్చిన గొడ్డు మాంసంలో క్యాన్సర్‌ను అడ్డుకునే లక్షణమున్న పదార్థాన్ని వెతుకుతూ, 1987లో అది సీఎల్ఏ అని ప్రకటించింది. ఆ ప్రయోగాలు ఎలుకల జాతి జంతువుల మీద జరిగినవి. మనుషుల్లో అంతటి మేలు రుజువు కాలేదు. అయినా పశువుల మేత పరిశోధనకు అప్పటినుంచి కొత్త ఊపు వచ్చింది.

మాంసంలో దొరికే రుమెనిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం రూమెన్ నుంచి నేరుగా వచ్చింది కాదు. వ్యాక్సెనిక్ ఆమ్లం కణజాలానికి చేరాక, పైన చెప్పిన డెల్టా-9 ఎంజైమే దాన్ని రుమెనిక్ ఆమ్లంగా మారుస్తుంది. కాబట్టి రూమెన్‌లో వ్యాక్సెనిక్ దశ దగ్గర కొంత ఆగేలా చూడటమే మేతతో సాధించగల పని. చేప నూనె చేసేది అదే. అందులోని పొడుగు గొలుసు ఒమెగా-3 ఆమ్లాలు చివరి మెట్టును చేసే సూక్ష్మజీవులను అణచడంతో వ్యాక్సెనిక్ పేరుకుంటుంది.

దాణాలో ధాన్యం బాగా ఎక్కువై, పీచు తగ్గి, రూమెన్ పులుపెక్కినప్పుడు దారి మారుతుంది. వ్యాక్సెనిక్ వంటి ట్రాన్స్-11 రకం బదులు, జంట బంధం ఒక కార్బన్ ముందుకు జరిగిన ట్రాన్స్-10 రకం మధ్యస్థ పదార్థాలు పెరుగుతాయి. రెండూ ట్రాన్స్ కొవ్వులే. పాడి పశువుల్లో వెన్న శాతం ఒక్కసారిగా పడిపోవడానికి ఈ మళ్లింపులో పుట్టే ఒక సీఎల్ఏ రూపమే కారణమని 2000 ప్రాంతంలో తేలింది. మాంసం పశువుల్లో అంత నాటకీయమైన మార్పు కనిపించదు. కానీ ట్రాన్స్-10 రకం పెరిగిన మాంసాన్ని గడ్డి మీద పెరిగిన పశువు మాంసంతో ఒకే గాటన కట్టలేం. పశువుల ట్రాన్స్ కొవ్వు అంతా మంచిదే అన్న వాదన ఈ తేడాను పట్టించుకోదు.

ట్రాన్స్ కొవ్వుల మీద వచ్చిన చట్టాలు వీటిని పట్టుకోవు. డెన్మార్క్ 2003లో పెట్టిన 2 శాతం పరిమితి, అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2015లో పాక్షిక హైడ్రోజనీకృత నూనెల మీద తీసుకున్న నిర్ణయం, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పిలుపు, మూడూ కర్మాగారాల్లో తయారయ్యే ట్రాన్స్ కొవ్వును ఉద్దేశించినవే. నెమరువేసే పశువుల నుంచి సహజంగా వచ్చేది వాటి పరిధిలో లేదు.

ఏ గింజ ఏం తెస్తుంది

దాణాలో కొవ్వు కలపడానికి మొదటి కారణం మాంసం నాణ్యత కాదు, శక్తి. పిండి పదార్థంతో పోలిస్తే కొవ్వు రెండుంపావు రెట్లు శక్తినిస్తుంది. దుమ్ము తగ్గడం, గుళికలు బాగా కట్టడం వంటి చిన్న లాభాలూ ఉన్నాయి. అయితే నెమరువేసే పశువు కొవ్వును తట్టుకునే హద్దు తక్కువ. మొత్తం పొడి మేతలో కొవ్వు 6 లేదా 7 శాతం దాటితే పీచు జీర్ణం కావడం మందగిస్తుంది. నూనె పీచు ముక్కల మీద పొరలా పరుచుకోవడం, పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు చచ్చిపోవడం అందుకు కారణాలు. పశువు మేత తగ్గించేస్తుంది. శక్తి కోసం కలిపిన నూనె చివరికి శక్తినే తగ్గిస్తుంది. ఇదే అణచివేతకు ఒక మంచి ముఖమూ ఉంది. మేతలో కొవ్వు ఒక్కో శాతం పెరిగితే పశువు వదిలే మీథేన్ సుమారు 3 నుంచి 5 శాతం తగ్గుతుంది.

అవిసె గింజల్లో సుమారు 40 శాతం నూనె, ఆ నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం. ఒమెగా-3 పెంచాలనుకునే ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది ఇదే. పొద్దుతిరుగుడు, సోయా గింజలు లినోలిక్ ఆమ్లాన్ని తెస్తాయి, అవి ఒమెగా-6 వైపు మొగ్గు. మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిలో నూనె 10 శాతం వరకు ఉండేది. ఇటీవల చాలా కర్మాగారాలు ఆ నూనెను ముందే తీసేస్తున్నాయి. ఆ పిప్పి ఎక్కువగా తిన్న పశువుల మాంసంలో లినోలిక్ వాటా పెరిగి, రంగు త్వరగా పోవడం పరిశోధనల్లో కనిపించింది. పామ్ నూనె, పశువుల కొవ్వు మొదటినుంచీ సంతృప్త ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవి కాబట్టి రూమెన్‌ను అంతగా ఇబ్బంది పెట్టవు, మాంసపు కొవ్వును అంతగా మార్చవు కూడా. చేప నూనె మాంసానికి చేప వాసన అంటిస్తుందన్న భయంతో దాన్ని కొద్దిగానే వాడతారు.

గింజను ఏ రూపంలో పెట్టారన్నదీ లెక్కలోకి వస్తుంది. విడి నూనె రూమెన్‌లో ఒక్కసారిగా బయటపడుతుంది. నలిపిన గింజలో నూనె కొంత మెల్లగా వస్తుంది. నలపని అవిసె గింజ గట్టి పొట్టుతో కొంతభాగం జీర్ణం కాకుండానే పేడలో వెళ్లిపోతుంది.

వడపోతను దాటించడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయాలు ప్రధానంగా రెండు. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థ శాస్త్రజ్ఞులు 1970ల తొలి ఏళ్లలో నూనె బిందువుల చుట్టూ ప్రొటీన్ పొర కట్టి, దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరిచారు. రూమెన్‌లో చెక్కుచెదరని ఆ పొర తర్వాతి పొట్ట ఆమ్లంలో విడిపోతుంది. లినోలిక్ ఆమ్లం మాంసంలో ఎన్నో రెట్లు పెరిగింది. దాంతోపాటే కొవ్వు మరీ మెత్తబడటం, రుచి మారడం, మాంసం త్వరగా చెడిపోవడం బయటపడ్డాయి. రెండోది కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి సబ్బులా మార్చడం. పామ్ ఆమ్లాలతో చేసిన ఈ సబ్బు పాడి పశువులకు విరివిగా వాడుతున్నారు. రూమెన్ పులుపెక్కితే ఆ సబ్బు ముందే విడిపోతుంది, అసంతృప్త ఆమ్లాల విషయంలో రక్షణ ఇంకా బలహీనం.

కొవ్వు చారలు నూనెతో రావు

మాంసం ధరను చాలా దేశాల్లో నిర్ణయించేది కండరం మధ్యలో పడే సన్నని తెల్లటి చారలు. మార్బ్లింగ్ అనే ఈ లక్షణాన్ని అమెరికా ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ తరగతులుగా, జపాన్ 1 నుంచి 12 వరకు అంకెలతో కొలుస్తాయి. సెలెక్ట్ తరగతి కండరంలో కొవ్వు 3, 4 శాతం ఉంటే, మేలైన వాగ్యులో 30 శాతం దాటుతుంది.

నూనె తింటే చారలు పడతాయన్నది సహజంగా తోచే ఊహ. జీవరసాయన శాస్త్రం దానికి అంతగా మద్దతివ్వదు. చర్మం కింది కొవ్వు కణాలు కొత్త కొవ్వును తయారు చేసుకోవడానికి ప్రధానంగా అసిటేట్‌ను వాడుకుంటాయి. అది పీచు పులిసినప్పుడు ఎక్కువగా పుట్టేది. కండరం మధ్యలోని కొవ్వు కణాలు మాత్రం గ్లూకోజ్ వైపు ఎక్కువ మొగ్గు చూపుతాయని 1980లలో జరిగిన కొలతలు చూపాయి. గ్లూకోజ్ రావాలంటే పిండి పదార్థం కావాలి, అంటే ధాన్యం కావాలి. దాణాలో ధాన్యం బదులు నూనె చేర్చినప్పుడు చారలు పెరగకపోవడం, ఒక్కోసారి తగ్గడం వింత కాదు. ఒంటి మీది మొత్తం కొవ్వు పెరుగుతుంది, అది ఎక్కువగా చర్మం కింద చేరుతుంది. కసాయి కత్తితో కోసి పక్కన పడేసే కొవ్వు అదే.

చారల మీద విటమిన్ ఎ ప్రభావం కూడా చెప్పుకోదగినది. కొత్త కొవ్వు కణాలు ఏర్పడటాన్ని అది అణచగలదు కాబట్టి జపాన్‌లో మేపుడు మధ్య కాలంలో విటమిన్ ఎ తగ్గించే పద్ధతి వచ్చింది. పచ్చి మేతలోని కెరోటిన్ నుంచే విటమిన్ ఎ తయారవుతుంది కనుక, పచ్చిక మీద పెరిగిన పశువుకు కొవ్వు పసుపు రంగులో ఉండటమూ చారలు తక్కువగా ఉండటమూ కలిసి కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. విటమిన్ ఎను ఇలా మరీ తగ్గిస్తే పశువుకు చూపు పోతుంది. అలాంటి ప్రమాదం ఉన్న పద్ధతిని నాణ్యత పేరుతో సమర్థించడం కష్టం.

మాంసం నమలడానికి మెత్తగా ఉందా లేదా అన్నదానిపై మేతలోని కొవ్వు నేరుగా చూపే ప్రభావం చాలా స్వల్పం. పశువు వయసు, కండరం ఏ భాగానిది, కోసిన తర్వాత చల్లగా ఎన్ని రోజులు నిల్వ ఉంచారు అన్నవే అక్కడ ప్రధానం.

ఎర్రదనం ఎన్నాళ్లు నిలుస్తుంది

అసంతృప్త కొవ్వును మాంసంలోకి చేర్చడంలో ఎంత విజయం సాధిస్తే, అంత మూల్యం దుకాణంలో చెల్లించాల్సి వస్తుంది. జంట బంధాలు ఆక్సిజన్‌కు తేలిగ్గా లొంగుతాయి. లినోలెనిక్ ఆమ్లం మూడు జంట బంధాలతో, చేప నూనె ఆమ్లాలు అయిదారింటితో ఇంకా తొందరగా చెడతాయి. మాంసంలో ఈ ఆమ్లాలు చేరే చోటు కూడా అనుకూలమైనది కాదు. నిల్వ కొవ్వు బిందువుల్లో కన్నా కణత్వచాల్లోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల్లో ఇవి ఎక్కువగా ఉంటాయి, అక్కడ ఇనుమున్న ప్రొటీన్లు పక్కనే ఉంటాయి. ఆక్సీకరణను రేపేది ఆ ఇనుమే.

అప్పుడే కోసిన మాంసం ముదురు ఊదా ఛాయలో ఉంటుంది. గాలి తగిలిన కాసేపటికి కండరానికి రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఆక్సిజన్‌ను పట్టుకుని నిగనిగలాడే ఎరుపుకు తిరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ మయోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణం చెంది గోధుమ రంగు వస్తుంది. కొవ్వు ఆక్సీకరణలో పుట్టే ఆల్డిహైడ్లు మయోగ్లోబిన్‌కు అతుక్కుని ఈ మార్పును వేగవంతం చేస్తాయి. పళ్లెంలో పక్కపక్కనే పెట్టిన రెండు ముక్కల్లో ఒకటి మూడో రోజే అంచుల నుంచి గోధుమ రంగుకు దిగితే, రెండోది అయిదో రోజుకూ ఎర్రగానే ఉండవచ్చు. కొనేవారు చూసేది రంగే. ఒమెగా-3 ఎంత ఉందన్నది వారి కంటికి కనబడదు.

వాసన మార్పూ ఇక్కడే మొదలవుతుంది. లినోలిక్ ఆమ్లం విరిగితే హెక్సనాల్ పుడుతుంది. వండి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు వేడి చేసిన మాంసంలో వచ్చే పాత నూనె వాసనలో దాని పాత్ర పెద్దది. లినోలెనిక్ ఆమ్లం విరిగితే వచ్చే పదార్థాలు గడ్డి మేసిన మాంసానికి ప్రత్యేకమైన పచ్చి వాసననిస్తాయి. ధాన్యం మేసిన మాంసానికి అలవాటుపడ్డవారు దాన్ని లోపంగా, పచ్చిక మేసిన మాంసానికి అలవాటుపడ్డవారు సహజ రుచిగా చెబుతారు. ఇందులో ఒకరిది తప్పనడానికి కొలమానం లేదు.

దీనికి విరుగుడు విటమిన్ ఇ. అది కణత్వచంలోనే కుదురుకుని ఆక్సీకరణ గొలుసును మధ్యలో తెంచుతుంది. 1980ల చివరి నుంచి విస్కాన్సిన్‌లో జరిగిన ప్రయోగాలు రోజుకు సుమారు 500 యూనిట్ల చొప్పున కోతకు ముందు వంద రోజులకు పైగా ఇస్తే మాంసం రంగు ఎక్కువ రోజులు నిలుస్తుందని చూపాయి. గ్రాము కండరంలో 3 నుంచి 3.5 మైక్రోగ్రాములు చేరితే చాలావరకు పని జరుగుతుంది. పచ్చిక మీద పెరిగిన పశువుకు ఇది మేత ద్వారానే సమకూరుతుంది. ఒమెగా-3 ఎక్కువ ఉన్నా ఆ మాంసం నిలవగలగడానికి కారణం అదే. గాదెలోని ధాన్యంతో పాటు అవిసె గింజలు పెట్టి, విటమిన్ ఇ మరచిపోతే ఆ రక్షణ ఉండదు. కోసిన తర్వాత మాంసం మీద విటమిన్ ఇ చల్లినా అంత ఫలితం రాదు, ఎందుకంటే అది కణత్వచం లోపలికి చేరాలి.

గడ్డి, ధాన్యం: నిష్పత్తి వేరు, పరిమాణం వేరు

గడ్డిలో కొవ్వే ఉండదని చాలామంది అనుకుంటారు. పచ్చి గడ్డి పొడి బరువులో కొవ్వు ఆమ్లాలు 2 శాతం ఉన్నాయనుకుని లెక్క వేయవచ్చు. రోజుకు 10 కిలోల పొడి మేతకు సమానమైన పచ్చిక తిన్న పశువుకు 200 గ్రాముల కొవ్వు ఆమ్లాలు అందుతాయి. అందులో సగం లినోలెనిక్ అయితే 100 గ్రాములు. అరకిలో అవిసె గింజల్లో నూనె 200 గ్రాములు, దానిలో లినోలెనిక్ సుమారు 110 గ్రాములు. అంటే లేత పచ్చిక నిండుగా మేసే పశువుకు అరకిలో అవిసె గింజలకు సమానమైన ఒమెగా-3 మేతలోనే దొరుకుతోంది. అదే గడ్డిని ఎండబెడితే ఆకులు రాలి, గాలికి ఆక్సీకరణం చెంది ఆ ఆమ్లం బాగా తగ్గుతుంది. ఎర్ర క్లోవర్ వంటి పప్పు జాతి మేతల్లో ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము నలిగిన ఆకుల్లోని కొవ్వును రూమెన్ దాడి నుంచి కొంత కాపాడుతుందని కూడా తేలింది.

గడ్డి మేపును, ధాన్యం మేపును సమర్థించే ఇరుపక్షాలూ తరచూ చూపే అంకె ఒమెగా-6, ఒమెగా-3ల నిష్పత్తి. 2010లో వచ్చిన ఒక విస్తృత సమీక్షలో గడ్డి మేసిన పశువుల మాంసంలో ఇది సగటున సుమారు 1.5, ధాన్యం మేసినవాటిలో సుమారు 7.6. బ్రిటన్ ఆరోగ్య శాఖ 1994లో మొత్తం ఆహారంలో ఇది 4 లోపు ఉండాలని సూచించింది. ఆ కొలతలో గడ్డి మాంసం గెలిచినట్టే.

నిష్పత్తి అంటే రెండు అంకెల భాగహారం మాత్రమే. రెండూ చిన్నవైనా అది ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. కొవ్వు తక్కువ ఉన్న 100 గ్రాముల గడ్డి మాంసంలో మొత్తం ఒమెగా-3 సాధారణంగా కొన్ని పదుల మిల్లీగ్రాములే. సాల్మన్ వంటి కొవ్వు చేపలో అంతే బరువుకు ఒక గ్రాము, అంతకు మించి ఉంటుంది. ఒమెగా-3 వనరు అని చీటీ మీద రాయడానికి ఐరోపా సమాఖ్య 2010లో పెట్టిన నిబంధన 100 గ్రాములకూ 100 కిలోక్యాలరీలకూ 300 మిల్లీగ్రాముల లినోలెనిక్ ఆమ్లం, లేదా పొడుగు గొలుసు రకాలైతే 40 మిల్లీగ్రాములు. మాంసం ఈ గీతను చేరాలంటే కొవ్వుతో సహా తినాలి, లేదా అవిసె గింజలు నెలల తరబడి మేపాలి. కొవ్వు కోసేసి సన్నటి మాంసం తినేవారికి దాణా మార్పు వల్ల దక్కే ఒమెగా-3 లాభం స్వల్పమే.

స్టియరిక్ ఆమ్లం మాట కూడా ఇక్కడే రావాలి. సంతృప్త కొవ్వుల్లో ఇది మిగతావాటికి భిన్నంగా రక్తంలో కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదని 1988లో బొననోమె, గ్రండీ జరిపిన అధ్యయనంతో మొదలైన పరిశోధనలు చూపాయి. రూమెన్ ఎక్కువగా తయారుచేసేది ఆ ఆమ్లాన్నే. అందువల్ల సంతృప్త కొవ్వు శాతం ఒక్కటే చూపి మాంసాన్ని తూచడం కూడా నిష్పత్తి చూపి తూచినంత అసంపూర్ణమే.

ఆఖరి నెలల మేత

మాంసంలోని కొవ్వు ఆమ్లాలు ఒక్క రోజులో మారవు. కణత్వచాల్లోని ఫాస్ఫోలిపిడ్లు వారాల్లో మారడం మొదలుపెడతాయి. నిల్వ కొవ్వు అంతకన్నా మెల్లగా, పాత కొవ్వు మీద కొత్త కొవ్వు చేరుతూ మారుతుంది. అవిసె గింజలు కోతకు ముందు రెండు మూడు వారాలు పెట్టి మాంసం మారిపోయిందని చెప్పలేకపోవడానికి, వంద రోజులకు పైగా మేపిన ప్రయోగాల్లోనే స్పష్టమైన తేడా కనిపించడానికి ఇదే కారణం.

ఇదే సూత్రం వెనక్కి కూడా నడుస్తుంది. పచ్చిక మీద సంపాదించుకున్న ఒమెగా-3, ధాన్యం మేపుడు మొదలయ్యాక రోజురోజుకూ పలచబడుతూ వస్తుంది. గడ్డి మేపినది అన్న మాటకు అమెరికా వ్యవసాయ శాఖ మార్కెటింగ్ విభాగం ఇచ్చిన ప్రామాణిక నిర్వచనాన్ని 2016 జనవరిలో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. పుట్టినప్పటి నుంచి పచ్చిక బయళ్లలో తిరిగి, చివరి నాలుగైదు నెలలు కొట్టంలో మొక్కజొన్న తిన్న పశువు కొవ్వును ప్రయోగశాలలో పరీక్షిస్తే, ఆ అంకెలు చాలావరకు ఆ నాలుగైదు నెలల మేతనే చూపిస్తాయి.